ఈశాన్యం వైపు తెరుచుకున్న గాజు

పదకొండో నంబరు నడుస్తోంది, మనది ఇరవై మూడు, ఇంకో గంట పడుతుందక్కా అని చెప్పి లాయరు హర్షిణి ఫోను చెవిన పెట్టుకుని లోపలి గదిలోకి వెళ్లిపోయింది. ఇక గంట. గంటంటే ఎంతని, నలభై జొన్న రొట్టెలు కాల్చేంతసేపు, కోసిగిలో ఎక్కిన బస్సు ఆదోనిలో దించేంతసేపు, శివలీల అట్లా కొలుచుకుంది, కొలిస్తే చిన్నదవుతుందేమోనని, అది మాత్రం ఇసుమంత కూడా చిన్నది కాలేదు. ఒళ్లో బొంత. మే నెల, కర్నూలు, నెత్తి మీద ఫ్యాను ఉన్న వేడినే తిప్పి తిప్పి పంచుతోంది, ఇంత ఎండలో ఒళ్లో బొంత పెట్టుకుని కూర్చున్న ఆడమనిషిని చూస్తే ఎవరికైనా ఏమనిపించాలి, గుమాస్తాకు ఏదో అనిపించినట్టే ఉంది, ఆ మూలన పెట్టండమ్మా అని ఇప్పటికి మూడుసార్లు అన్నాడు, ఆమె మూడుసార్లూ పర్వాలేదులే అన్నా అంది. నేల మీద పెట్టొద్దు, మంది చేతికి ఇయ్యొద్దు అని రెండు షరతులు పెట్టి మరీ ఇచ్చింది బొంత సొంతదారు విశ్వాసమ్మ దీన్ని. పక్క కుర్చీలో అమ్మ, ఉరుకుందమ్మ, డెబ్బై దాటిన మనిషి, లాయరు ఆఫీసని భయపడాల్సింది పోయి టిఫిను డబ్బా విప్పి బొరుగుల ఉగ్గాని తింటోంది. బజ్జీలు కూడా తెచ్చినట్టుంది, వాసనకు గుమాస్తా రెండుసార్లు తల తిప్పాడు. అమ్మ ఏర్పాట్లలో ఎప్పుడూ లోటుండదు.

బల్ల మీద ల్యాప్‌టాప్, అందులో చెన్నై ట్రేడ్‌మార్కు ఆఫీసు, ఆఫీసంటే ఒక ఆఫీసరు, ఆయన వెనక ఇనుప బీరువా, చుట్టూ చిన్న చిన్న గళ్లలో లాయర్లు, ఒకాయన గదిలో అయితే కుక్కర్ విజిల్ కూడా వినిపిస్తోంది. పదకొండో నంబరువాళ్లు అగరొత్తుల వ్యాపారులట, నెమలి బొమ్మ కోసం కొట్లాట, మా నెమలి పురి విప్పింది, మీ నెమలి విప్పలేదు, అదీ తగాదా. నవ్వొచ్చింది శివలీలకు. నవ్వుతూనే అనుకుంది, ఇంకాసేపటికి మనమూ అంతేగా, ఒక గాజు కోసం. నెమలి అయినా నడిచే పక్షి, మనది చిట్లిపోయిన మట్టిగాజు. కానీ ఆ గాజు కారం ప్యాకెట్ల మీద ఉండాలా, శాశ్వతంగా పోవాలా అన్నది ఈ పూట తేలిపోతుంది, ఆ మాట గుర్తొచ్చేసరికి నవ్వు గొంతులోనే ఆగింది. పన్నెండో నంబరు పిలిచారు.

ఆ గాజు పుట్టుక అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. శ్రావణమాసం, ఉరుకుంద ఈరన్న స్వామి జాతర, గాజులాయన అమ్మ చేతిని నిమిరి నిమిరి ఎక్కిస్తుంటే పచ్చగాజు ఒకటి అంచున చిట్లింది, కందిగింజంత పెచ్చు ఊడింది. చిట్లిన గాజు తొడిగితే చెయ్యి కోసుకుంటుంది, స్వామి దగ్గర కొన్నది పారేయడానికి మనసు రాదు, అందుకని కొంగున ముడేసుకుని ఇంటికి తెచ్చింది. అప్పటికే అమ్మ బుడ్డల కారం చేసి అమ్ముతోంది, బుడ్డలంటే వేరుశనగలు, వేయించి, ఎండుమిరపకాయలు, తెల్లగడ్డలు, ఉప్పు వేసి రోట్లో దంచితే నెలైనా చెడదు. వానలు మొండికేసిన ఏడు ఊళ్లకు ఊళ్లు సుగ్గికి పోయేవి, సుగ్గికి పోవడమంటే పని ఎక్కడుంటే అక్కడికి, పిల్లాజెల్లా చేటాచెంబుతో సహా, పోతూ పోతూ ఈ కారం ఒక గుడ్డ సంచి కట్టుకునేవాళ్లు. చదువు రాని వాళ్లకు ఏ సంచి ఎవరిదని ఎట్లా తెలియాలి. చాకలి మారెన్న మామ ఉపాయం చెప్పాడు, బట్టలకు గుర్తులు పెట్టే నల్లజీడి గింజ ఇచ్చాడు, దాని రసంలో అద్ది గుడ్డ మీద ఒత్తి పైన సున్నం రాస్తే ఆ నలుపు గుడ్డ చిరిగేదాకా పోదు. దేన్ని ఒత్తాలి మరి? కొంగులో గాజుంది. అట్లా మొదలైంది. సంచి మూతి బిగించి పట్టుకోవడం శివలీల పని, ఏడేళ్ల పిల్ల, రసం ఒకసారి బొటనవేలి మీద పడి బొబ్బలెక్కింది, ఇప్పటికీ అక్కడ చర్మం నల్లగానే ఉంటుంది. ఏడవలేదు. వేలు చూపించి బడంతా తిరిగింది, నేను కూడా సంచినే అని.

ఒత్తిన ప్రతిసారీ గుండ్రని నల్లగీత, ఒకచోట మాత్రం గీత తెగి ఉంటుంది, పెచ్చు ఊడిన చోటు. పిల్లప్పుడు దానికి పల్లూడిన నోరు అని పేరు పెట్టింది తను. పల్లూడిన నోరు! దానికి ఇంగ్లీషులో ఎంత మర్యాద దొరికిందో హర్షిణి చదివి చెప్పిన రోజు తల్లీకూతుళ్లు కడుపు పట్టుకుని నవ్వారు. రాజంపేటలో ప్రవీణ్ అనే ఆయన, తోటలున్న పెద్ద రైతు కుటుంబం, కారప్పొళ్ల కంపెనీ పెట్టి ఇదే గాజును తన పేరున రిజిస్టరు చేయించుకున్నాడు, దేశమంతటికీ. దరఖాస్తులో రాసుకున్నాడట, ఈశాన్యం వైపు తెరుచుకున్న వలయం, సంపద రాకకు సంకేతం అని. అమ్మ నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని, గాజులాయన చెయ్యి జారినందుకు వాస్తు కూడా కుదిరిందే అంది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు కూడా హాయిగానే ఉంది. పద్నాలుగో నంబరు, ఎవరో హాజరు కాలేదు, పదిహేను.

నవ్వు తర్వాతి సంగతి. మొదట నవ్వు లేదు. నాలుగేళ్ల కింద రిజిస్టరు పోస్టులో నోటీసు వచ్చినప్పుడు ఇంట్లో పొయ్యి కూడా వెలగలేదు. అప్పటికి గుడ్డ సంచులు పోయి కవర్లొచ్చాయి, కవరు మీద నల్లజీడి నిలవదని ఆదోనిలో గాజు బొమ్మ అచ్చు వేయించింది తను, అది రాజంపేట కళ్లలో పడింది. గాజు మాది, వెంటనే తీసెయ్యండి, లేకపోతే కేసు. శివలీల ఎవరినీ అడగలేదు, డిగ్రీ చదివిన మనిషినని ధీమా, తెల్లకాగితం తీసి తనే జవాబు రాసింది. అయ్యా, మేము మా హద్దు దాటలేదు. కోసిగి, చుట్టుపక్కల నాలుగు పల్లెలు, అంతే మా అమ్మకం. మీ కడప జిల్లాలో ఒక్క సంచి కూడా అమ్మి ఎరగము. పొలం గట్టు తగాదాలో ఎవరైనా మొదట అనే మాట అదే కదా, నా నాగలి నీ చేలోకి రాలేదన్నా అని, నాయన అట్లాగే అనేవాడు, తాత అట్లాగే అనేవాడు, ఆ మాటతో సగం తగాదా అక్కడే తెగేది. ఎంత ముచ్చటగా రాసిందో, సంతకం కింద గీత కూడా గీసింది. హర్షిణి ఆ కాగితం చదివి తల పట్టుకుంది. అక్కా, గట్టు తగాదాలో ఇది నీకు రక్ష, ఇక్కడ ఇదే నీకు ఉచ్చు అంది. వాళ్ల రిజిస్ట్రేషన్ కొట్టేయమని అడగాలంటే వాళ్లకంటే ముందు నుంచీ ఈ గాజు మనదేనని, నలుగురికీ నాలుగు చోట్లా తెలుసునని చూపించాలి, నాలుగు పల్లెలు దాటలేదని నువ్వే రాసిచ్చాక, సరే ఆ నాలుగు పల్లెల్లో ఉంచుకో, మిగతా దేశం మాది అంటారు వాళ్లు, అనకుండా ఎందుకుంటారు. మంచితనంగా రాసిన మాటే మెడకు చుట్టుకుంది. ఆ ఉత్తరం నకలు ఇప్పుడు కూడా ఆ చెన్నై ఆయన బల్ల మీద ఉంటుంది.

రిజిస్ట్రేషన్ రద్దు చేయమని మనమే కేసు వేద్దాం, అది తేలేదాకా గాజు తీసేద్దామని హర్షిణే అంది. తీసేశారు. కోసిగి సంతలో ఆడవాళ్లు ప్యాకెట్టు ఎత్తి, ముందు చూసి, వెనక్కు తిప్పి చూసి, గాజేది అని అడిగి, మళ్లీ అక్కడే పెట్టి వెళ్లిపోయారు. అదే కారం, అవే చేతులు, అదే రోలు, ఎన్ని చెప్పినా వినరే. పదిమంది ఆడవాళ్లు దంచే చోట ముగ్గురు మిగిలారు. ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం ఫోను, తెలియని నంబరు, పలకరింపు లేదు పాడూ లేదు, ఏమ్మా మీది దొంగ సరుకా అని. మంగంపేట నుంచి విశ్వాసమ్మ. ముగ్గురాయి, అంటే బెరైటీస్, గనుల్లో పనికి మొగుడు ఏసన్నతో పాటు చిన్న వయసులో పోయి అక్కడే నిలిచిపోయిన మనిషి, పుట్టిన ఊరు కోసిగి పక్కనే, తమ్ముడు తెచ్చిన ప్యాకెట్టు మీద గాజు లేదని కవరు మీద నంబరు చూసి తగాదాకు ఫోను చేసింది. శివలీల కథంతా చెప్పింది. అంతా విని విశ్వాసమ్మ, యాడికీ అమ్మలేదని రాసినావా, నువ్వు అమ్మకుంటే నాకాడికి యాడ నుంచి వచ్చె, రా చూపిస్తా అంది.

పోయింది. మూడు బస్సులు మారి పోయింది. దారిలో రాజంపేట వచ్చింది, బస్టాండు ఎదురుగా ప్రవీణ్ కంపెనీ బోర్డు, దాని మీద ఇంటి గడపంత గాజు, పల్లూడిన నోటితో సహా, చూడకూడదనుకుంటూనే బస్సు మలుపు తిరిగేదాకా మెడ తిప్పి చూసింది. మంగంపేటలో ఇళ్ల మీదా చెట్ల మీదా ముగ్గురాయి దుమ్ము. విశ్వాసమ్మ నులకమంచం మీద బొంత పరిచింది. అమ్మో. ఆ క్షణం తలుచుకుంటే ఇప్పుడు కూడా చేతుల మీద రోమాలు లేస్తాయి, ఇదిగో లేచాయి. బొంత నిండా గాజులు. సుగ్గికొచ్చిన వాళ్లు ఒక్కొక్కరు తెచ్చిన సంచి, కారం అయిపోతే సంచి ఉతికి దాచడం, కొన్ని కూడితే బొంతకు ఒక వరుస కుట్టడం, మా గుడ్డ మేం పారేస్తామా అంది విశ్వాసమ్మ. నలభై ఒక్క గాజులు, ఉతికి ఉతికి గుడ్డ తెల్లబడింది గానీ నల్లజీడి గీత చెక్కు చెదరలేదు. ఒకదాని తెరుపు పైకి, ఒకదానిది కిందికి, ఒకటి పడమరకు, ఒకటి ఎటో వంకరకు, చేత్తో ఒత్తినవి కదా, ఎట్లా పడితే అట్లా. ట్రంకుపెట్టె అడుగు నుంచి ఒక ఫోటో కూడా తీసింది, అదే బొంత మీద విశ్వాసమ్మ పెద్దకొడుకు నెలల పిల్లవాడు, బోర్లా పడి తల ఎత్తి చూస్తున్నాడు, ఫోటో మూల నారింజ రంగు అంకెల్లో తేదీ, తొంభై ఎనిమిది. ప్రవీణ్ కంపెనీ పుట్టడానికి పంతొమ్మిదేళ్ల ముందు. శివలీల ఆ బొంత మీద చెయ్యి పెట్టి ముందు నవ్వింది, తర్వాత ఏడ్చింది, తర్వాత విశ్వాసమ్మ కాల్చిన రొట్టెలు నాలుగు తింది. పద్దెనిమిదో నంబరు.

బొంత ఫోటోలు, విశ్వాసమ్మ ప్రమాణపత్రం అన్నీ హర్షిణి ఎప్పుడో దాఖలు చేసింది. అందుకే కాబోలు ఈ పొద్దున్నే అవతలి లాయరు రాజీ కాగితం పంపాడు. అది బొంత మీద ఉంది, చెమటకు అంచు మెత్తబడుతోంది. కేసు వెనక్కు తీసుకోండి, మీ గాజు మీరు వాడుకోండి, కర్నూలు జిల్లా లోపల మాత్రమే, జిల్లా దాటితే అది మా గాజు. నిజం చెప్పాలంటే శివలీల చెయ్యి పెన్ను కోసం అప్పుడే వెతికింది. నాలుగేళ్లు. చాలదూ? కోసిగి సంతలో గాజు మళ్లీ కనబడుతుంది, వెళ్లిపోయిన ఏడుగురూ రోలు దగ్గరికొస్తారు, ఇంకేం కావాలి, ప్రపంచం మీద గాజు వేసి ఏం చేసుకోవాలి. చదివి చెప్తే అమ్మ ఉగ్గాని ముద్ద నోటి దగ్గర ఆపి ఒకే ఒక్క ప్రశ్న అడిగింది, నంద్యాల ఇప్పుడు వేరే జిల్లా అయింది కదా, ఆళ్లగడ్డలో చెల్లెలు అహోబిలం తిరునాళ్లలో అమ్ముకుంటానని ఏడాదికి ఇరవై సంచులు తీసుకుపోతుంది, అది తప్పవుతుందా అని. అవుతుందమ్మా. మొన్నటి దాకా కాదు గదా? మొన్నటి దాకా కాదు. కారం మారలేదు, చెల్లెలూ మారలేదు, గీత మారిందా అని అమ్మ మళ్లీ ముద్ద నోట్లో పెట్టుకుంది.

గీత. ఎవరు గీశారు, ఎక్కడ గీశారు. తను కూడా గీసింది కదా ఒకటి, కోసిగి చుట్టూ నాలుగు పల్లెలని, ముచ్చటగా కింద సంతకం పెట్టి మరీ. అమ్మ ఇల్లు దాటి ఎక్కడికి పోయింది గనుక, ఉరుకుంద జాతర, ఆదోని సంత, ఎప్పుడో ఒకసారి మంత్రాలయం. గాజు మాత్రం పోయింది. గుంటూరు మిరపచేలకు పోయింది, మంగంపేట గనుల్లో దిగింది, తుంగభద్ర దాటి రాయచూరు పోయింది, ఎవరి నెత్తి మీదో, ఎవరి చంకలోనో, టికెట్టు లేకుండా. అక్కడ ముగ్గురాయి దుమ్ములో ఒక పసిపిల్లవాడు దాని మీద బోర్లా పడ్డాడు. మనం హద్దు దాటలేదు నిజమే, మన మనుషులు దాటారు, వాళ్ల సంచి దాటింది, అది మన అమ్మకం కాదా మరి, ఇంత చిన్న సంగతి నాకు నాలుగేళ్లు పట్టిందే, డిగ్రీ చదివిన మొహం. నవ్వొచ్చింది, ఈసారి గొంతులో ఆగలేదు, గుమాస్తా మళ్లీ తల తిప్పాడు. బొంత ఇప్పుడు ఉక్కగా లేదు. బరువుగా కూడా లేదు.

హర్షిణి వచ్చింది. ఇరవై రెండు అయిపోతోందక్కా, సంతకం పెడతారా, వాదిద్దామా అంది. గెలుస్తామని గ్యారంటీ ఇవ్వలేనని కూడా చెప్పింది, ఆ ఉత్తరం అట్లాంటిది మరి.

"విశ్వాసమ్మ మంగంపేటలో కప్పుకున్న గాజుకు కర్నూలు జిల్లా కాడ గోడ యాడ కట్టేది పాపా. వద్దు. వాదించు," అంది శివలీల.

ఇరవై మూడు. ల్యాప్‌టాప్‌లో గళ్లు సర్దుకున్నాయి, ఒక గడిలో అవతలి లాయరు, ఇంకో గడిలో ప్రవీణ్, నలభై ఏళ్లుంటాయేమో, నీలం చొక్కా, ఇంత మామూలుగా ఉంటాడని శివలీల అనుకోలేదు, మీసాలు గట్రా ఊహించుకుంది. అవతలి లాయరు అనుకున్నట్టే ఉత్తరం ఎత్తుకున్నాడు, హద్దు దాటలేదని ఆమే రాసింది అని. ఆఫీసరు అద్దాలు సర్దుకుని శివలీలనే అడిగాడు, చెన్నైలో పెరిగిన తెలుగులో, అమ్మా మీరే ఇట్లా రాశారు కదా, మరి బయట ఎక్కడ వాడారు మీరు, చెప్పండి. శివలీల లేచి నిలబడి బొంత విప్పింది, ఒక కొస హర్షిణి పట్టుకుంది, ఇంకో కొస గుమాస్తా పరిగెత్తుకొచ్చి పట్టుకున్నాడు, ల్యాప్‌టాప్ ముందు అంతా గాజులే. నేను అమ్మలేదు సార్, మోసుకుపోయినారు అని మాత్రం అంది. ఆఫీసరు ముందుకు వంగాడు. ఒక్కొక్కటీ చూస్తూ ఉన్నాడు. దరఖాస్తులో ఈశాన్యం వైపు అని ఉంది, ఇవి అన్ని వైపులా తెరుచుకున్నాయే, ఆ తెరుపు ఎందుకు వచ్చిందో మీరెవరైనా చెప్తారా అని అవతలి లాయరును అడిగాడు. అవతలి లాయరు సంపద గురించి ఏదో మొదలుపెట్టాడు.

అప్పుడు అమ్మ లేచింది. మైకు అందరికీ వినిపిస్తోందన్న సంగతి అమ్మకు తెలియదు, తెలిసినా ఆగేది కాదు. కొంగు ముడి విప్పి, దూదిలో చుట్టి తెచ్చిన ఆ పాత పచ్చగాజు తీసి, దూది పక్కన పెట్టి, చిట్లిన చోటు వేలితో చూపిస్తూ తెర దగ్గరికి వంగింది.

"ఏమప్పా నాయనా, ఈ పెచ్చు జాతరలో నా చేతి మీదనే ఊడింది. నీకు ఇది యాడ దొరికె?"

హర్షిణి మ్యూట్ బటను కోసం తడుముకుంది. అవతలి లాయరు అభ్యంతరం అన్నాడు. ప్రవీణ్ మాత్రం అమ్మనే చూస్తున్నాడు, గాజును చూస్తున్నాడు, బొంతను చూస్తున్నాడు, అతని మొహంలో కోపం రావాల్సిన చోట ఇంకేదో వచ్చింది.

"మా తోటలో పనికొచ్చినోళ్ల సంచి మీద చూసినా అవ్వా," అన్నాడు. "చిన్నప్పుడు. వాళ్లు తినేటప్పుడు నాకూ రొట్టె మీద ఇంత వేసి పెడతాండిరి. ఆ గాజు ఎవురిదో ఒకరిదని నేనెప్పుడూ అనుకోలేదు. కారమంటే అట్లే ఉంటాదనుకున్నా."

కుక్కర్ విజిల్ వాళ్ల గడి ఇంకా తెరిచే ఉన్నట్టుంది, అది ఒక్కటే మోగింది. ఆఫీసరు ఏదో రాసుకున్నాడు, తర్వాత ఇంగ్లీషులో చెప్పాడు, తర్వాత అమ్మ వైపు చూసి తెలుగులో కూడా చెప్పాడు, ఆర్డరు వివరంగా తర్వాత వస్తుంది, ఈ గుర్తు ఆ కంపెనీ పేరున రిజిస్టరులో ఉండడానికి వీల్లేదు, ముందు వాడింది మీరు, వాళ్ల ఊళ్లో కూడా ముందు మీరే. ఇరవై నాలుగు అన్నాడు. అయిపోయింది. గంట కూడా పట్టలేదు, నలభై రొట్టెలు కూడా కాలి ఉండవు. హర్షిణి ఎగిరి శివలీలను వాటేసుకుంది, మధ్యలో బొంత, గుమాస్తా తన కొస వదలకుండా అట్లాగే నిలబడ్డాడు, నేల మీద పడకూడదని ఆయనకెవరు చెప్పారో. శివలీలకు ఆనందం ఎటు నుంచి వచ్చిందో తెలియలేదు, ఫోను తీసి విశ్వాసమ్మకు కలిపి హలో అనకుండా ఏడ్చింది, అవతల విశ్వాసమ్మ, నా బొంత నేల మీద పెట్టలేదు కదా అని అడిగింది.

అమ్మ గాజును మళ్లీ దూదిలో చుట్టి ముడేసుకుంది. డబ్బాలో మిగిలిన బజ్జీ గుమాస్తాకు ఇచ్చింది.

"ఆ పిల్లోనికి ఒక సంచి కారం పంపు," అంది.

"ఎవరికమ్మా?"

"ఆ రాజంపేట అబ్బికి. శానా దినాలయింది పాపం, తిని. గుడ్డ సంచిలోనే పంపు. నల్లజీడి తెప్పియ్యి, గాజు నేనే ఒత్తుతా."

అడ్రసు కావాలి కదా. హర్షిణి ఫైలు ముందుకు తోసింది. అన్నింటికంటే అడుగున ఆ పాత నోటీసు ఉంది, నాలుగేళ్లుగా ముట్టుకోవాలంటే చెయ్యి వెనక్కు పోయే కాగితం, శివలీల దాన్ని బయటికి లాగి బల్ల మీద చదును చేసింది, రాజీ కాగితం తిరగేసి దాని వెనక తెల్లవైపు ప్రవీణ్ పేరు రాసుకుంది, ఇంటి నంబరు, వీధి, రాజంపేట. జిల్లా పేరు దగ్గర పెన్ను ఒక్క క్షణం ఆగింది. అది అక్కర్లేదు, ఊరి పేరూ పిన్‌కోడూ ఉంటే కారం చేరుతుంది అనుకుని ఆ చోటు వదిలేసింది.